మగవారికి ప్రవేశం లేదు

సెప్టెంబరు 8

తబిత ఫోను ఇవాళ బీరువాలోంచి తీశాను. రెండేళ్ళుగా తన చీరల మధ్యే ఉంది. సిమ్ము ఎప్పుడో పోయింది. ఛార్జింగు పెట్టి నా ఫోను నుంచి నెట్టు ఇస్తే, ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది. ఫేస్‌బుక్కు పాస్‌వర్డు కూడా అడగలేదు. మొన్నటి పుట్టినరోజుకి కూడా ఎవరెవరో శుభాకాంక్షలు చెప్పారు. మనిషి లేదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఊరికే తీయలేదు. మధ్యాహ్నం కొయ్యలగూడెంలో బస్సు ఆగి ఉన్నప్పుడు పెద్దాపురం నుంచి వియ్యపురాలు రెబెక్కా గారు ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, ఆశకి ఏడో నెల వచ్చింది కదండి. పురుడు సంగతి ఏమనుకుంటున్నారండి?"

"అనుకునేదేముందండి చెల్లెమ్మగారూ. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. నేనొచ్చి తీసుకెళ్తాను."

"మిమ్మల్ని తక్కువ చేసి కాదండి. ఆడదిక్కు లేని ఇల్లు. పచ్చి బాలింతని ఎలా పంపమంటారు చెప్పండి? ఇక్కడే ఉంచుకుంటాం లెండి. మీరు వచ్చి చూసి వెళ్దురుగాని."

చూసి వెళ్దురుగాని! నా కూతుర్ని నేను!

ఆశ ఏమందని అడిగాను. "తనేమీ అనలేదండి" అన్నారు. ఆశ నాతో ఎప్పుడు ఏమంది గనక. అన్నీ వాళ్ళమ్మకి చెప్పేది, అమ్మ నాకు చెప్పేది. ఉద్యోగం నాదే గానీ, ఇంట్లో మా ఇద్దరి మధ్యా కండక్టరు తబితే.

ఆసుపత్రిలో చివరి వారం తను అంది, "ఆశ పురుడు మాత్రం మనింట్లోనే పొయ్యాలండి" అని. అప్పటికి పిల్లకి పెళ్ళే కాలేదు. సరే అన్నాను. ఏ పరిస్థితిలోనైనా సరే అనేవాణ్ణే.

సెప్టెంబరు 9

తబిత ఫోనులో ఒక గ్రూపు ఉంది. పేరు 'మన గోదారి ఆడపడుచులు'. వంటలు, పిల్లల జ్వరాలు, అత్తగార్లు, ఒకటేమిటి, అన్నీ అందులోనే. తను చాలా కాలంగా సభ్యురాలు. గ్రూపు మొదట్లోనే ఒక బోర్డు పెట్టారు. 'మగవారికి ప్రవేశం లేదు. ఆడపేరుతో దూరినవాళ్ళని ఫొటోతో సహా అందరికీ చూపిస్తాం. ఇట్లు, అడ్మిన్ వెంకటరత్నమ్మ, అమలాపురం.'

నేను దూరలేదు. తలుపు తీసే ఉంది. పైగా చదువుతున్నానంతే. బస్సులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే నా చెవిన పడదా? ఉచిత ప్రయాణం వచ్చిన దగ్గర్నుంచి నా బస్సు నిండా ఆడవాళ్ళే. రోజంతా వాళ్ళ మధ్యే తిరుగుతాను, ఒక్కరినీ అడగలేను. 'అమ్మా, బాలింతకి ఏం పెడతారు' అని కండక్టరు అడిగితే ఏం బాగుంటుంది.

సెప్టెంబరు 11

ఒక ప్రశ్న రాశాను. 'కూతురి పురుడు దగ్గర పడుతోంది. బాలింతకి ఏం వండాలో, ఎలా చూసుకోవాలో నాకు ఏమీ తెలియదు. దయచేసి చెప్పండి.' అంతే.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? తెలుగులో ఈ సుఖం ఉంది. వచ్చాడు, వచ్చింది అని ఇంకొకరి గురించి చెబితేనే ఆడో మగో తేలుతుంది. వచ్చాను, వండాను, ఏడ్చాను అంటే ఎవరికీ తెలియదు. పైన తబిత అని పేరు పడిందంటే అది ఫోను చేసిన పని. నేను చేసింది కాదు.

సెప్టెంబరు 12

ఎన్ని జవాబులో! తెలగపిండిలో మునగాకు వేసి కూర వండితే పాలు పడతాయట. వెల్లుల్లి కారం మొదటి ముద్దలో పెట్టాలట. ఉప్పాడ వైపు ఆవిడొకరు పాలసొర పిట్టు గురించి పెద్ద వ్యాసమే రాశారు. బుల్లి సొరచేప, పసుపేసి ఉడకబెట్టి, ముళ్ళు తీసి, పొడిగా వేయించాలి. బాలింతకి దానిని మించింది లేదట.

ఒకావిడ మాత్రం, 'తబితక్కా, ఇన్నాళ్ళకి కనిపించారు! బాగున్నారా?' అని రాసింది.

'బాగున్నాను చెల్లెమ్మా' అని రాశాను.

రాశాక ఫోను బోర్లించాను. ఇదొక్కటి మాత్రం అబద్ధమే.

సెప్టెంబరు 19

వంట సాగుతోంది. తెలగపిండి మాడింది. మళ్ళీ వండాను. ఇది కాస్త తినేలా ఉంది.

సెప్టెంబరు 23

ఇవాళ ఒకామె అడిగింది, 'అక్కా, మీవారు ఏమీ సాయం చెయ్యరా?'

నేను రాస్తే ఏం రాస్తానో కాదు, తబిత అయితే ఏం రాస్తుందో అని ఆలోచించాను. తర్వాత వేళ్ళు వాటంతటవే కదిలాయి.

'మా ఆయన సంగతి అడక్కండి. ఇల్లు కూడా బస్సే అనుకుంటారు. వంటింట్లో నాకు అడ్డొచ్చి, ముందుకి జరుగు అంటారు. పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంటారు గానీ నుదుటి మీద చెయ్యి వెయ్యరు, గుమ్మం దగ్గరే నిలబడి ఎలా ఉంది, ఎలా ఉంది అని నన్ను అడుగుతారు. కూతురంటే ప్రాణమే. ఆ ముక్క కూతురికి తప్ప ఊరందరికీ తెలుసు.'

నవ్వుల బొమ్మలు కుప్పలు పోశారు. 'మా ఆయనా అంతే' అని అందరూ వరసపెట్టి రాశారు. నన్ను ఇంతమంది ఒకేసారి తిట్టడం ఇదే మొదలు. విచిత్రం ఏమిటంటే, నాకూ నవ్వొచ్చింది. అన్నీ నిజాలే.

కింద పేరు లేని కామెంటు ఒకటి. ఆ గ్రూపులో ఇష్టమైతే పేరు దాచుకుని రాయొచ్చు. 'అనానిమస్ మెంబర్' అని మాత్రం పడుతుంది. అందులో ఇలా ఉంది. 'మీ ఆయన మంచివారే అనిపిస్తోంది అక్కా. మాట్లాడటమే రాదేమో.'

ఎవరో గానీ, మంచి పిల్ల.

సెప్టెంబరు 30

పసిబిడ్డకి నీళ్ళు పోయడం నేర్చుకుంటున్నాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, బిడ్డని పిక్కల మీద పడుకోబెట్టుకోవాలి. తల పాదాల వైపు ఉండాలి. చెవుల్లో నీళ్ళు పోకూడదు. వీడియో పెట్టుకుని ఆనపకాయ మీద ప్రయత్నించాను. మొదటిసారి జారి తూము దగ్గరికి వెళ్ళి ఆగింది. రెండోసారి పర్వాలేదు. ఒళ్ళు తుడిచి, తువాలులో చుట్టి, మంచం మీద పెట్టాక గుర్తొచ్చింది ఇది పులుసులో వెయ్యాల్సిన కాయ అని.

అక్టోబరు 4

ఆ పేరు లేని పిల్ల ఇవాళ తనే ఒక ప్రశ్న వేసింది. మొత్తం ఇక్కడ రాసుకుంటాను.

'నాకు తొలి కాన్పు. అమ్మ లేదు. నాన్న తన దగ్గరికి రమ్మంటున్నారు. నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ పాలివ్వడం, బట్టలు మార్చుకోవడం, ఇవన్నీ నాన్న ఒక్కరే ఉన్న ఇంట్లో ఎలాగో అర్థం కావడం లేదు. ఆయనతో చెప్పలేను. ఏం చెయ్యను?'

వద్దంటే వద్దని అందరూ ఒకటే మాట. అత్తగారింట్లోనే ఉండమ్మా, మగాళ్ళకి ఏం తెలుస్తుంది అని. నాకు ఒళ్ళు మండింది. ఆ తండ్రి తరఫున ఒక్కరైనా మాట్లాడాలి కదా.

'చెల్లెమ్మా, మీ నాన్న మగవాడే గానీ మొద్దు కాకపోవచ్చు. ఒక గది పూర్తిగా నీకు వదిలెయ్యమను. తలుపుకి లోపలివైపు గడియ పెట్టించమను. మంచం మీద కూర్చునే చేతికి అందేటంత కిందకి ఉండాలి, లేచి వెళ్ళే ఓపిక నీకు ఉండదు. నువ్వు గడియ తీసేదాకా ఆయన గుమ్మం తొక్కకూడదు. స్నానానికి, ఒళ్ళు పట్టడానికి ఒక ఆడమనిషిని మాట్లాడమను. ఆయన పని వంటింట్లో.'

'ఇవన్నీ ఆయనకి ఎవరు చెబుతారక్కా?' అని రాసింది.

'అడిగి చూడు. కాదనరు' అన్నాను.

అమ్మ లేని ఆడపిల్లలు లోకంలో ఎంతమందో. ఆ తండ్రెవరో గానీ అదృష్టవంతుడు. వెళ్ళాలని ఉందట. మా ఆశకి ఉందో లేదో.

అక్టోబరు 7

ఊళ్ళో వాళ్ళకి చెప్పడమేనా, మనం చెయ్యొద్దా అనిపించింది. ఆశ గదిలో పేరుకుపోయిన నా పాత యూనిఫాములు, విరిగిన ఫ్యాను, సామానంతా తీసేశాను. వడ్రంగి సుబ్రహ్మణ్యాన్ని పిలిచి గడియ వేయించాను.

"ఇంత కిందకా అండి? పిల్లి వేసుకుంటుందా ఏంటండి?" అన్నాడు.

"నీకెందుకయ్యా, వెయ్యి" అన్నాను.

పక్క వీధి నాగదుర్గని కూడా మాట్లాడాను. పొద్దున్నే వచ్చి తల్లికి ఒళ్ళు పట్టి నీళ్ళు పోస్తానంది. అంతా సిద్ధం. రావాల్సిన మనిషి ఒక్కతే తేలలేదు.

అక్టోబరు 12, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఆశ ఫోన్.

"తిన్నావా నాన్నా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

మామూలుగా మా మాటలు ఇక్కడితో అయిపోతాయి. ఇవాళ ఫోను పెట్టలేదు.

"నా గదిలో నీ సామానంతా అలాగే ఉందా?"

"తీసేశాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"ఎందుకు?"

"ఊరికే."

తర్వాత అంది, "నేను వస్తాను నాన్నా. అత్తయ్యకి నేను చెప్పుకుంటాను. శ్రీమంతం అయ్యాక వచ్చి తీసుకెళ్ళు."

అలాగే అమ్మలూ అన్నాను. అనగలిగాను.

అక్టోబరు 13

రెబెక్కా గారు ఫోన్ చేశారు. "మా కోడలు మొండిదండి, అన్నయ్యగారూ. పంపుతాను గానీ, ముందు నేనొచ్చి ఇల్లు చూస్తానండి. నాకు నచ్చకపోతే వెనక్కి తీసుకెళ్ళిపోతాను, మీరు మరోలా అనుకోకూడదు."

ఆయ్, తప్పకుండా రండి అన్నాను.

అక్టోబరు 20

కొంప మునిగింది.

గ్రూపులో ఎవడో మగవాడు ఆడపేరుతో చేరి, ఒకమ్మాయి రాసుకున్న బాధని ఫొటో తీసి ఊరంతా తిప్పాడట. ఆ అమ్మాయి మూడు రోజులు అన్నం తినలేదట. వాడిని పట్టుకుని గెంటేశారు. వెంకటరత్నమ్మ గారు నిప్పులు కక్కుతూ రాశారు. 'నవంబరు మొదటి వారం లోపు ప్రతి సభ్యురాలూ తన గొంతుతో పేరు, ఊరు చెప్పి నాకు వాయిస్ మెసేజ్ పంపాలి. పంపనివారిని అనుమానించాల్సి వస్తుంది. దొరికినవారి పేరు బయట పెడతాను.'

నేను వాడిలాంటివాణ్ణి కాదు. కాదు గానీ, తేడా ఎవరికి తెలుస్తుంది? కండక్టర్ శాంతికుమార్, చచ్చిపోయిన భార్య పేరుతో ఆడవాళ్ళ గుంపులో దూరాడు అని ఎవరైనా అంటే, అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. రెబెక్కా గారి చెవిన పడితే ఇక ఆశని పంపుతారా? నేనైనా పంపను.

అక్టోబరు 21

గ్రూపులోంచి వెళ్ళిపోతే సరి. బటను నొక్కితే అయిపోతుంది. కావాల్సినవన్నీ నేర్చుకున్నాను.

అక్టోబరు 22

రేపు వెళ్ళిపోతాను.

అక్టోబరు 25

ఆ పేరు లేని పిల్ల వెంకటరత్నమ్మ గారి పోస్టు కింద నాకు రాసింది. 'తబితక్కా, మీరు వెళ్ళిపోరు కదా? మీ పేరు చూస్తే మా అమ్మతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.'

జవాబు రాయలేకపోయాను.

అక్టోబరు 28

తుఫాను. సర్వీసులు ఆపేశారు. కరెంటు లేదు. రెండు ఫోన్లూ చచ్చిపోయాయి. పెద్దాపురంలో ఆశ ఎలా ఉందో.

అక్టోబరు 30

ఆశ క్షేమం. వాళ్ళింటి రేకులు లేచిపోయాయట, అంతే. దేవునికి స్తోత్రం.

నవంబరు 2

సమాధుల పండుగ. తబిత సమాధికి సున్నం వేయించాను. పూలు, కొవ్వొత్తులు. అందరూ వాళ్ళవాళ్ళ సమాధుల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను మాత్రం రాయి మీద పేరు చదువుతూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ పేరు పెట్టుకుని తిరిగింది నేనే. ఎవరో తల్లి లేని పిల్ల ఆ పేరు చూసి అమ్మ అనుకుంటోంది. లేనిపోని ఆశ పెట్టాను దానికి. సిగ్గేసింది.

మరీ ఘోరం ఏమిటంటే, ఈ రెండు నెలలూ నేను సంతోషంగా ఉన్నాను.

నవంబరు 3

పంపేశాను. గొంతుతోనే. కింద నా ఫోను నంబరు కూడా పెట్టాను.

"నమస్కారమండి వెంకటరత్నమ్మ గారూ. నా పేరు శాంతికుమార్ అండి. జంగారెడ్డిగూడెం. తబిత నా భార్యండి. రెండేళ్ళయింది పోయి. మా అమ్మాయికి తల్లి లేదని పురుడు పుట్టింట్లో వద్దన్నారండి. నేర్చుకుందామని తన పేరు మీద వచ్చాను. మీ ఆడవాళ్ళ మాటలు ఒక్కటి కూడా బయటికి చెప్పలేదండి, మీరు నమ్మినా నమ్మకపోయినా. మీరు ఏం చేసినా సరేనండి. ఒక్కటే మనవి. పేరు దాచుకుని రాసే అమ్మాయి ఒకరున్నారు, తల్లి లేని పిల్ల. నేను తబితని కాదని ఆ పిల్లకి మెల్లగా చెప్పండి."

పంపాక మళ్ళీ విన్నాను. గొంతు బస్సులో ఊళ్ళ పేర్లు అరిచినట్టే ఉంది.

నవంబరు 4

డ్యూటీ దిగి వస్తుంటే వెంకటరత్నమ్మ గారే ఫోన్ చేశారు. టీచరుగా చేసి రిటైరయ్యారట. గొంతులోనే బెత్తం ఉంది.

"మాకు మొదట్నుంచీ తెలుసండి మీరు మగవారని."

భుజం మీద సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"ఆడవాళ్ళెవరైనా సాటి ఆడవాళ్ళని చెల్లెమ్మా అంటారటండీ? చెల్లీ అంటాం, వదినా అంటాం, ఒసేయ్ అంటాం. చెల్లెమ్మా అనేది ఓట్లకొచ్చేవాళ్ళు, బస్సు కండక్టర్లూనండి."

"నేను కండక్టర్నేనండి" అన్నాను.

ఆవిడ గట్టిగా నవ్వేశారు. నవ్వి, మళ్ళీ టీచరైపోయారు. "ఆ రోజే తీసేద్దామనుకున్నానండి. సభ్యురాలొకరు నాకు విడిగా రాసి, ఆయన్ని ఉండనివ్వండి, నేను పూచీ అన్నారు. ఎవరో చెప్పకూడదు, అదీ రూలే. సరే చూద్దామని ఊరుకున్నాను. మీరు పురుడు ప్రశ్నలు తప్ప ఇంకేమీ అడగలేదు. ఆనపకాయ సంగతి కూడా గ్రూపులో రాశారు చూడండి, నేను మా వారికి చదివి వినిపించాను."

"మరి ఇప్పుడండి?"

"ఇప్పుడు తీసేస్తున్నానండి. నమ్ముకుని రాసుకునేవాళ్ళకి న్యాయం చెయ్యాలి కదా. వెళ్ళిపోయారని మాత్రం చెబుతాను, పేరు బయట పెట్టను. మీరే వచ్చి ఒప్పుకున్నారు. ఏమైనా సందేహం వస్తే నాకు ఫోన్ చెయ్యండి. నా ఫోనులో మగవాళ్ళకి ప్రవేశం ఉందండి."

సాయంత్రానికి తబిత ఫోనులోంచి గ్రూపు మాయమైపోయింది. ఆ పిల్లకి చెప్పారో లేదో అడగడం మర్చిపోయాను. పూచీ ఉన్నదెవరో కూడా తెలియలేదు.

నవంబరు 9

పెద్దాపురంలో శ్రీమంతం బాగా జరిగింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆశ చేతుల నిండా గాజులు. అల్లుడు సుధాకర్ దాని వెనకే తిరుగుతున్నాడు, నీళ్ళు అంటే నీళ్ళు, కుర్చీ అంటే కుర్చీ. ముచ్చటేసింది.

నవంబరు 12

తీసుకొచ్చాను. రెబెక్కా గారు కూడా వచ్చారు, అన్న మాట ప్రకారం. చెప్పులు విప్పిన దగ్గర్నుంచి తనిఖీ. మా బస్సెక్కే చెకింగు స్క్వాడ్ వాళ్ళు కూడా ఇంతలా చూడరు. వంటింట్లో డబ్బాలు మూతలు తీసి చూశారు. తెలగపిండి, వాము, వెల్లుల్లి కారం, శొంఠి. నాగదుర్గని పిలిపించి మాట్లాడారు. కాకినాడ బస్సు డ్రైవరు ముసలయ్య ద్వారా ఉప్పాడ నుంచి పాలసొర తెప్పించే ఏర్పాటు కూడా చెప్పాను.

"ఇవన్నీ మీకెవరు చెప్పారండి?" అన్నారు.

"మా ఆవిడ ఫోనులో ఉన్నాయండి" అన్నాను. నిజమే కదా.

ఆవిడ కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగారు. "మా ఇంట్లో కూడా ఇన్ని లేవండి" అని మాత్రం అన్నారు. సుధాకర్‌తో కలిసి బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆశ ఉండిపోయింది.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

వాళ్ళు వెళ్ళాక ఆశ తన గదిలోకి వెళ్ళింది. నేను సంచి పట్టుకుని వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాను. మంచం మీద కూర్చుంది. కొత్త దుప్పటి చూడలేదు, కర్టెను చూడలేదు. లేవకుండానే తలుపు ముందుకి లాక్కుంది. అటు చూడకుండానే చెయ్యి కిందకి చాపింది. గడియ పడిన చప్పుడు అయింది.

అంత కింద గడియ ఉంటుందని ఎవరనుకుంటారు? సుబ్రహ్మణ్యానికి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఒక్క మనిషికే.

సంచి కింద పెట్టాను.

లోపల్నుంచి ఆశ గొంతు వినిపించింది.

"థాంక్యూ అక్కా."

నవంబరు 13

నిన్న అక్కడితో ఆపేశాను. తర్వాత చాలా జరిగింది.

గడియ తీసేదాకా నేను గుమ్మం తొక్కలేదు. నా రూలే కదా. ఎంతసేపటికో తీసింది. ఇద్దరి కళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఆ గ్రూపులో నన్ను చేర్పించింది అమ్మే నాన్నా. సెప్టెంబరులో ఒకరోజు ఫోను తెరిస్తే అమ్మ పేరు. బాగున్నాను అని రాసి ఉంది. నాకు గుండె ఆగిపోయింది. ఎవరో దొంగిలించారనుకున్నాను. రెండుసార్లు పోలీస్ స్టేషన్ దాకా వెళ్దామనుకున్నాను. అమ్మ బాగున్నానని రాయడం ఏంటి? ఎంత కోపం వచ్చిందో తెలుసా?"

తప్పయింది అమ్మలూ అన్నాను. దానికి తెలియకుండా చేశాననుకున్న పని దానినే కోసిందని నాకు తట్టనే లేదు.

"తర్వాత చూస్తే పక్కన చెల్లెమ్మా అని ఉంది. అమ్మ ఎప్పుడైనా ఎవరినైనా చెల్లెమ్మా అందా? అప్పుడు నవ్వొచ్చింది. నిన్ను ఉండనివ్వమని వెంకటరత్నమ్మ గారికి రాసింది నేనే. నువ్వు నీ గురించే తిట్టుకుంటూ రాసిన రోజు మాత్రం ఏడ్చాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడేవాడివని నాకు తెలియదు. జ్వరంలో ఉన్నాను కదా."

"ఆ పిల్ల నువ్వేనని చెప్పొచ్చు కదమ్మా నాకు?"

"పేరు పెడితే నువ్వు అవన్నీ చెప్పేవాడివా? పేరు పెడితే నేను అడిగేదాన్నా?"

లేదు. ఇద్దరం తిన్నావా, తిన్నాను దగ్గరే ఉండిపోయేవాళ్ళం.

నవంబరు 16

తబిత అకౌంటు మూసేద్దామని ఆశ అంది. ఇద్దరం కూర్చుని మూసేశాం. చివరి బటను నన్నే నొక్కమంది. నొక్కాను. ఫోను మాత్రం మళ్ళీ చీరల మధ్యే పెట్టాను. దాని చోటు అది.

డిసెంబరు 6

ఆడపిల్ల. తల్లీబిడ్డలు క్షేమం. దేవునికి వందనాలు.

డిసెంబరు 10

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాం. రెబెక్కా గారు మూడు రోజులుగా మాతోనే ఉన్నారు. పాపకి నీళ్ళు పోద్దామని ఆవిడ కొంగు దోపుకునేసరికి నేను పీట వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

"మీరా అన్నయ్యగారూ?" అన్నారు.

"ఇలా ఇవ్వండి చెల్లెమ్మగారూ."

ఇచ్చారు గానీ, రెండు చేతులూ కిందే పెట్టి ఉంచారు, ఎక్కడ జారుతుందోనని. జారలేదు. చెవుల్లో చుక్క నీరు పోలేదు. పాప ఏడవలేదు కూడా, నా మొహంలోకి అదే పనిగా చూసింది. ఆనపకాయ కంటే చాలా తేలిక. చాలా మెత్తన. నా కళ్ళే ఆగలేదు. నీళ్ళ ఆవిరి అన్నాను.

"ఇంక నేను వెళ్ళొచ్చండి" అన్నారు రెబెక్కా గారు. రేపే బయలుదేరుతున్నారు.

డిసెంబరు 15

పాలసొర పిట్టు కుదిరింది. ఆశ రెండోసారి వడ్డించుకుంది. పాలు బాగానే పడుతున్నాయి. ఈ మాట నాతో అదే చెప్పింది, మొహం తిప్పుకోకుండా.

డిసెంబరు 22

నాగదుర్గ వెళ్ళిపోయాక, పాప నిద్రపోతుంటే, ఆశ గడియ తీసి నన్ను పిలిచింది. చేతికి తన ఫోను ఇచ్చింది. మన గోదారి ఆడపడుచులు. నేను వెనక్కి ఇచ్చేయబోయాను.

"నాకు ప్రవేశం లేదమ్మా."

"చదువు నాన్నా. వెంకటరత్నమ్మ గారిని అడిగాను. ఒక్కసారికి పర్వాలేదన్నారు."

అందులో ఇలా ఉంది.

'అక్టోబరులో నేను పేరు దాచుకుని ఒక ప్రశ్న అడిగాను, నాన్న ఒక్కరే ఉన్న ఇంటికి పురుడుకి వెళ్ళాలా వద్దా అని. చాలామంది వద్దన్నారు. ఒక్కరు వెళ్ళమన్నారు. వెళ్ళాను. పాప పుట్టింది. మీలో ఎవరికైనా అమ్మ లేకపోతే, ముందు నాన్నని అడిగి చూడండి. నాకు పురుడు పోసింది మా నాన్న.'

పైన అనానిమస్ అని లేదు. ఆశాజ్యోతి అని దాని పూర్తి పేరు ఉంది. అందరికీ కనిపించేలా.

కింద కామెంట్లు వచ్చిపడుతున్నాయి. దీవెనలు, పూల బొమ్మలు. ఉప్పాడ ఆవిడ పిట్టు కుదిరిందా అని అడిగారు. ఎవరో అడిగారు, 'మీ నాన్నగారి పేరేంటండి?'

"నువ్వే చెప్పు" అంది ఆశ.

చాలా కాలానికి నా పేరు నేను రాశాను. 'శాంతికుమార్ అండి' అని కొట్టాను. దాని పక్కన 'చెల్లెమ్మలందరికీ నమస్కారం' అని కొట్టి, నాలుక కరుచుకుని చెరిపేశాను.

ఆశ నా భుజం మీంచి చూసి నవ్వింది.

మళ్ళీ అదే కొట్టాను.